తల్లిదండ్రుల గ్రూపుకు సొంత పాడ్‌కాస్ట్ కావాలా? అపోహలు - వాస్తవాలు

ఆడియో ఎడిటింగ్ నా వృత్తి. పిల్లల పెంపకం గురించి మాట్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపుల అడ్మిన్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతుంటారు: "మాకూ ఒక పాడ్‌కాస్ట్ పెడదామనుకుంటున్నామండీ, ఏ మైకు కొనమంటారు?" మైకు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ గ్రూపులో జనం ఏ ధైర్యంతో నోరు విప్పుతున్నారో చెప్పండి అంటాను. చాలామంది ఈ మాట విని నేను పని తప్పించుకుంటున్నాననుకుంటారు. కాదు. అడిగినవాళ్లందరికీ దాదాపు ఇవే అపోహలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: గ్రూపులో రోజూ బోలెడు కబుర్లు నడుస్తాయి. వాటినే మైకు ముందు చెబితే పాడ్‌కాస్ట్ అయిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. అర్ధరాత్రి ఒక తల్లి "పాపను చూస్తే నాకు ప్రేమ రావడం లేదు, నాకేమైనా అయిందా?" అని గ్రూపులో రాసిందనుకోండి. పేరు దాచుకుని రాసింది. తనలాంటివాళ్లే చదువుతారన్న భరోసాతో రాసింది. పది నిమిషాల్లో ముగ్గురు "నాకూ అలాగే ఉండేది" అంటారు. ఆ మాటలకు అంత బలం వచ్చింది ఆ నాలుగు గోడల వల్లే.

పాడ్‌కాస్ట్‌కు గోడలుండవు. 2000 చివర్లో డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌కు (కొత్తవి రాగానే యాప్‌లకు అందించే జాబితాకు) ఆడియో ఫైలు తగిలించే వీలు కల్పించినప్పటి నుంచీ దాని స్వభావం అదే. ఫీడ్ చిరునామా తెలిస్తే చాలు, ఎవరైనా, ఏ యాప్‌లోనైనా వినొచ్చు. ఆ తల్లి అత్తగారు వినొచ్చు, ఆఫీసులో పైవాళ్లూ వినొచ్చు.

"పేర్లు మారుస్తాం కదా" అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒక గ్రూపు వాళ్ల ఎపిసోడ్‌లో ఒకామె రాసుకున్న అనుభవాన్ని పేరు మార్చి, వేరొకరి గొంతుతో చదివించాం. కవల పిల్లలు, నెలలు నిండకుండా పుట్టారు, ఇద్దరిలో ఒకరికే వినికిడి సమస్య. ఈ మూడు వివరాలు చాలు, ఆమె ఆడపడుచు గుర్తుపట్టేసింది. అనుభవం రాసుకున్నావిడ గ్రూపు వదిలి వెళ్లిపోయింది. అంతకంటే నన్ను కలవరపెట్టింది తర్వాత జరిగింది: కొన్ని వారాలపాటు ఆ గ్రూపులో మనసు విప్పి రాసినవాళ్లే లేరు. స్కూలు బ్యాగుల గురించి, నిద్ర వేళల గురించి మాత్రమే మాట్లాడుకున్నారు. ఆ ఎపిసోడ్ ఎడిట్ చేసింది నేనే కాబట్టి అందులో నా తప్పూ ఉంది.

అప్పటి నుంచి నా షరతు ఒకటే. గ్రూపులో రాసినదాన్ని పాడ్‌కాస్ట్‌కు అనుమతిగా లెక్క కట్టకూడదు. విడిగా అడగాలి. ఎడిట్ అయ్యాక ముందు వాళ్లకే వినిపించాలి. విడుదలయ్యే క్షణం వరకు "వద్దు" అనే హక్కు వాళ్లదే, కారణం అడగకూడదు.

ఇంకో తేడా ఉంది. గ్రూపులో ఒకరు అడిగితే నలభై మంది జవాబిస్తారు, వాళ్లలో పది మంది ఒకరితో ఒకరు విభేదిస్తారు. "మావాడికి ఇది పనిచేయలేదు" అనే గొంతు అక్కడ తప్పకుండా వినిపిస్తుంది. పాడ్‌కాస్ట్‌లో ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. ఆ "పనిచేయలేదు" అన్న మాటను మీరు కావాలని వెతికి తెచ్చి కూర్చోబెట్టకపోతే అది రానే రాదు.

అపోహ: పెంపకం విషయాలు పాతబడవు. ఒకసారి రికార్డు చేస్తే ఎప్పటికీ పనికొస్తాయి.

లాలి పాడటం పాతబడదేమో గానీ ఆరోగ్య సలహాలు పాతబడతాయి. ఒక్కోసారి తలకిందులవుతాయి కూడా. పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. 1992లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ బోర్లా వద్దని చెప్పింది. దాని మీద 1994లో పెద్ద ప్రచారమే నడిచింది, ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టడమే సురక్షితమని ఆ సంస్థ తేల్చింది. నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి.

వేరుశనగ సంగతి ఇంకా విచిత్రం. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా పెట్టొద్దని 2000లో అదే సంస్థ సూచించింది. 2008లో ఆ సూచన వెనక్కి తీసుకుంది. 2015లో వెలువడిన లీప్ అధ్యయనంలో, అలాంటి 640 మంది శిశువుల్లో, తొలి ఏడాదిలోనే వేరుశనగను తగిన రూపంలో మొదలుపెట్టినవారిలో, దూరంగా ఉంచినవారితో పోలిస్తే, ఆ అలర్జీ 80 శాతానికి పైగా తగ్గింది. 2005లో ఎవరో తల్లి ఎంతో బాధ్యతగా "మూడేళ్లదాకా వద్దు" అని ఒక ఎపిసోడ్‌లో చెప్పి ఉంటే, ఈరోజు దాన్ని వింటున్నవాళ్ల సంగతేంటి?

గ్రూపులో అయితే కింద ఎవరో ఒకరు "ఇది మారింది" అని రాస్తారు. ఆడియోకు ఆ కింద అనేదే లేదు. హోస్టింగ్‌లో, అంటే ఎపిసోడ్లను ఉంచే సైటులో, ఫైలు మార్చొచ్చు, కానీ ఇప్పటికే ఫోన్లలోకి దిగిన ఫైలు పాతదే. అందుకని ప్రతి ఎపిసోడ్ మొదట్లో రికార్డు చేసిన నెల, సంవత్సరం నోటితో చెప్పించండి. మందు మోతాదు ఏ సభ్యుడి నోట వచ్చినా కోసేయండి. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే.

అపోహ: మధ్యలో పిల్లల గొంతు వినిపిస్తే ముద్దుగా ఉంటుంది.

ముద్దుగానే ఉంటుంది, ఇవాళ. ఆరేళ్ల పిల్లాడు పక్క తడుపుతున్నాడన్న కథ వాడి పేరుతో, వాడి నవ్వుతో సహా పదేళ్ల తర్వాత వాడి క్లాసు పిల్లల ఫోన్లలో మోగితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అమెరికాలో పిల్లల ఆన్‌లైన్ గోప్యత నిబంధనలు 2013 సవరణతో పిల్లల గొంతు ఉన్న ఆడియో ఫైలును కూడా వ్యక్తిగత సమాచారంగా చేర్చాయి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, చిన్నప్పుడు ఇచ్చిన సమ్మతితో నెట్‌లోకి ఎక్కినదాన్ని పెద్దయ్యాక తీసేయమని అడిగే హక్కు గురించి ప్రత్యేకంగా చెబుతుంది. చట్టం ఏ దేశంలో ఎలా ఉన్నా నేను పాటించేది ఒకటే: పిల్లల పేరు, బడి, జబ్బు మూడూ ఎడిట్‌లో పోతాయి. పక్కగదిలోంచి వచ్చిన ఏడుపు పరవాలేదు, వినేవాళ్ల ఇంట్లోనూ అదే నడుస్తుంటుంది.

అపోహ: మంచి మైకు ఉంటే మంచి పాడ్‌కాస్ట్ వస్తుంది.

గది బాగుంటే వస్తుంది. ఖాళీ గోడల గదిలో ఖరీదైన కండెన్సర్ మైకు పెడితే ప్రతిధ్వనిని ఇంకా శ్రద్ధగా పట్టి ఇస్తుంది, అంతే. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని, ఫ్యాన్ ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో పట్టుకుని మాట్లాడితే మొదటి సీజన్‌కు చాలు. ఇద్దరు వేర్వేరు చోట్ల ఉంటే కాల్ రికార్డింగ్‌ను నమ్ముకోకుండా ఎవరి గొంతు వాళ్ల ఫోన్లోనే విడిగా రికార్డు చేయించండి. తర్వాత ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ కలుపుకోవచ్చు, అది ఉచితం. చివర్లో లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సౌండ్ స్థాయిని కొలిచే యూనిట్) దగ్గర పెట్టండి, ఆపిల్ అడిగేది దాదాపు అంతే. పాప నిద్రపోతుంటే తక్కువ సౌండ్‌లో వినే తల్లికి ఆ ఒక్క సర్దుబాటు చేసే మేలు ఏ మైకూ చేయదు. మాటలే కాబట్టి ఫైలును మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, సెకనుకు 64 కిలోబిట్ల (64 కేబీపీఎస్) చొప్పున సేవ్ చేస్తే సరిపోతుంది. అరగంట ఎపిసోడ్ 14 ఎంబీ చిల్లర అవుతుంది.

నేపథ్య సంగీతం గురించి ఒక మాట. "ముప్ఫై సెకన్లలోపు ఎవరి పాటైనా వాడుకోవచ్చు" అనే నియమం ఎక్కడా లేదు. అదెవరు పుట్టించారో గానీ ప్రతి గ్రూపులోనూ ఒకరు చెబుతారు.

అపోహ: అరగంట ఎపిసోడ్‌కు మహా అయితే గంట పని.

గంట సంభాషణను అరగంటకు దించడానికి నాకు నాలుగైదు గంటలు పడుతుంది, ఇదే వృత్తి అయినా. కొత్తవాళ్లకు రెట్టింపు అనుకోండి. అతిథిని వెతకడం, సమయం కుదరడం, పిల్లకు జ్వరం వచ్చి అది తప్పిపోవడం, మళ్లీ కుదర్చడం ఈ లెక్కలో లేవు. ఇక్కడ పనిచేసేవాళ్లూ తల్లిదండ్రులే అన్నది అందరూ మర్చిపోయే సంగతి. వాళ్లకు దొరికే ఖాళీ పిల్లలు పడుకున్నాక రాత్రి పది దాటిన తర్వాతే.

మొదటి మీటింగులో పదిహేను మంది చేతులెత్తుతారు. మూడో ఎపిసోడ్‌కు ఒక్కరే మిగులుతారు, ఆ ఒక్కరూ ఏడో ఎపిసోడ్‌కు అలసిపోతారు. ఇలా చప్పుడు లేకుండా ఆగిపోవడాన్ని ఈ రంగంలో పాడ్‌ఫేడ్ అంటారు. మనకు ఆరంభశూరత్వం అన్న మాట ఎప్పటి నుంచో ఉంది.

అపోహ: డౌన్‌లోడ్లు పెరిగితే ప్రకటనలు వస్తాయి, ఖర్చులు గట్టెక్కుతాయి.

డౌన్‌లోడ్ అంటే వినడం కాదు. ఆన్‌లైన్ ప్రకటనల పరిశ్రమ సంఘం ఐఏబీ ప్రమాణం ప్రకారం కనీసం ఒక నిమిషం ఆడియోకు సరిపడా డేటా దిగితే ఒకటి లెక్క, ఆ తర్వాత ఫోను జేబులో పెట్టేసినా సరే. 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో ఆపిల్ ఆటోమేటిక్ డౌన్‌లోడ్ల తీరు మార్చాక ఎన్నో కార్యక్రమాల అంకెలు పడిపోయాయి, వినేవాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. పైగా ప్రకటనల ధర వెయ్యి డౌన్‌లోడ్లకు ఇంత అని కడతారు. రెండు మూడు వందల మంది వినే కార్యక్రమానికి వచ్చేది హోస్టింగ్‌కు కూడా చాలకపోవచ్చు.

పెంపకం పాడ్‌కాస్ట్‌కు వేరే ముప్పు కూడా ఉంది. ప్రకటనలు ఆటోమేటిక్‌గా దూర్చే సదుపాయం ఆన్ చేస్తే ఏది వస్తుందో మీకు ముందుగా తెలియదు. తల్లిపాల గురించిన ఎపిసోడ్ మధ్యలో డబ్బా పాల ప్రకటన మోగొచ్చు. తల్లిపాలకు ప్రత్యామ్నాయంగా అమ్మేవాటిని ప్రజలకు ప్రకటనలతో అమ్మకూడదని ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే అంతర్జాతీయ నియమావళి ఆమోదించింది. ఆ సదుపాయాన్ని ఆన్ చేయక తప్పదంటే, ఏ వర్గాల ప్రకటనలు రాకూడదో ముందే బ్లాక్ చేయండి.

అపోహ: పాడ్‌కాస్ట్ పెడితే గ్రూపులో సభ్యులు పెరుగుతారు.

కొద్దిమంది రావచ్చు. అంట్లు తోముతూ వింటున్న మనిషి చేతులు తుడుచుకుని, మీ గ్రూపు వెతికి, చేరతానని అడగడం చిన్న పనేం కాదు. ఆడియోలో ఉన్న మాటలు వెతుకులాటలో అంత సులువుగా తగలవు కూడా, కాబట్టి రాతప్రతి తప్పనిసరి. వినికిడి లేని తల్లిదండ్రులకు అది ఒక్కటే దారి. వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో ఆడియోకు రాత ప్రత్యామ్నాయం అన్నది కనీస స్థాయి నిబంధన.

అపోహ: అంటే పెట్టొద్దనేగా మీరు చెప్పేది!

కాదండీ. గొంతు మాత్రమే చేయగల పని ఒకటుంది, దానికోసం పెట్టండి. రెండు చేతులూ బిడ్డకే అంకితమైనప్పుడు, కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఆసరాగా మిగిలేది చెవి ఒక్కటే. ఒకసారి ఒక తండ్రిని బిడ్డ ఐసీయూలో ఉన్న రోజుల గురించి అడిగాం. గ్రూపులో ఆయన రాసింది "కష్టంగా గడిచింది" అన్న రెండు ముక్కలే. రికార్డింగులో ఆ మాట అనబోయి ఆగిపోయారు. పదకొండు సెకన్లు. ఎడిటర్‌గా నేను నిశ్శబ్దాలు కోసేవాణ్ణి, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

నేను సూచించేది ఆరు ఎపిసోడ్ల సీజన్. వారం వారం అంటూ అంతులేని ప్రయాణం వద్దు. ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కటే ప్రశ్న. ఉదాహరణకు, బిడ్డ పుట్టాక మళ్లీ ఉద్యోగానికి వెళ్లిన మొదటి వారం ఎలా గడిచింది? నలుగురైదుగురు గొంతులు, వాళ్లలో ఒకరైనా మిగతావాళ్లతో ఒప్పుకోనివారు. ఆరూ ఎడిట్ అయి చేతిలో ఉన్నాకే మొదటిది విడుదల చేయండి. ముందు సభ్యులకు మాత్రమే ప్రైవేటు ఫీడ్‌లో పెట్టి చూడండి. ఆ లింకును కూడా ఎవరో ఒకరు బయటికి పంపిస్తారన్న ఎరుకతోనే పెట్టండి.

అపోహ: ఒకసారి మొదలుపెట్టాక ఆపితే పరువు పోతుంది.

మొదటి ఎపిసోడ్‌లోనే "ఇవి ఆరు భాగాలు" అని చెబితే ఆరో దానితో ఆగడం ముగింపు అవుతుంది. చెప్పకపోతేనే అది వైఫల్యంలా కనిపిస్తుంది.

ఆపేటప్పుడు చూసుకోవాల్సింది వేరే ఉంది. హోస్టింగ్ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉంది? ఎక్కువసార్లు అది ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వెళ్లిపోయిన అడ్మిన్ సొంత ఈమెయిలే. చందా కట్టడం ఆగితే కొన్ని హోస్టింగ్‌లలో ఫైళ్లు కూడా పోతాయి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ మూతపడినప్పుడు, ఫీడ్ తమ చేతిలో ఉన్నవాళ్ల శ్రోతలు మరో యాప్‌లో అదే కార్యక్రమం వినగలిగారు. గ్రూపు పేరు మీద ఒక ఈమెయిల్ తెరవండి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచండి, కోయని అసలు రికార్డింగులు ఒక హార్డ్ డిస్కులో దాచండి. ఎవరైనా తన గొంతు తీసేయమని రెండేళ్ల తర్వాత అడిగితే, ఆ పని చేయడానికి కావలసినవి ఈ మూడే.