యూట్యూబ్ చెల్లిస్తే మన నెట్ బిల్లు తగ్గుతుందా?

విజయవాడలో ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇవ్వడం నా వృత్తి. నెట్‌వర్క్ ఖర్చులో యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటి ఓటీటీ (నెట్‌లో వీడియోలు చూపే) సంస్థలూ వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీలు అడిగిన ప్రతిసారీ వాట్సాప్‌లో పుకార్లు మొదలవుతాయి. మొన్న పటమటలో ఒక అమ్మగారు "యూట్యూబ్‌లో పాఠాలు చూస్తే ఇక వేరే డబ్బులు కట్టాలట కదా, బాబూ?" అని దిగులుగా అడిగారు. ఇంత భయం పెట్టి ఏం బావుకుంటారో!

అపోహ: పెద్ద సైట్లు మన తీగలను ఉచితంగా వాడుకుంటున్నాయి. వాటి దగ్గర వసూలు చేస్తే మన బిల్లు తగ్గుతుంది.

వాస్తవం: ఆ సైట్ల వీడియో తనంతట తాను మీ ఇంటికి రాలేదు, మీరు నొక్కితే వచ్చింది. దాన్ని తెచ్చి ఇచ్చినందుకే నెలనెలా బిల్లు, ఆపైన 18 శాతం జీఎస్టీ కడుతున్నారు. అటువైపు వాళ్లకూ ఖర్చుంది. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ తమ క్యాష్ సర్వర్లను (వీడియోల నకళ్లు దాచి ఉంచే కంప్యూటర్లను) తెచ్చి సర్వీసు ప్రొవైడర్ల దగ్గరే పెడతాయి. ఎక్కువ మంది చూసే వీడియో ప్రతిసారీ సముద్రం దాటి రానక్కర్లేదు.

వసూలు చేసిన చోట ఏమైందో చూడండి. దక్షిణ కొరియాలో 2016 నుంచి ట్రాఫిక్ పంపే నెట్‌వర్కే చెల్లించాలి. అక్కడ వీడియో గేములు ఆడటాన్ని ప్రత్యక్షంగా చూపే ట్విచ్ మొదట వీడియో నాణ్యత తగ్గించింది. ఈ నెట్‌వర్క్ రుసుములకు చాలా దేశాలకంటే పది రెట్లు ఖర్చవుతోందంటూ 2024 ఫిబ్రవరిలో సేవలే మూసేసింది. నష్టపోయింది చూసేవాళ్లు.

మన దేశంలో అలాంటి రుసుము లేదు. ఒక్కో సైటుకు ఒక్కో డేటా ధర పెట్టడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలోనే నిషేధించింది. పిల్లల పాఠాలకు వేరే ఏమీ కట్టనక్కర్లేదు. నిశ్చింతగా ఉండండి.

అపోహ: ఎక్కువ చూసేవాళ్ల వల్లే లైన్లు పాడై ఖర్చు పెరుగుతోంది.

వాస్తవం: ఫైబర్ అంటే గాజు తీగ, అది వాడకంతో అరిగిపోదు. ఖర్చంతా తవ్వకాలు, స్తంభాలు, జాయింట్లు, కూలీలు, రాత్రి రద్దీకి చాలినంత సామర్థ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచినప్పుడు ఇంటింటా మోడెములు బురదలో నానిపోయాయి. అప్పుడు అక్కడ ఒక్క వీడియో కూడా నడవలేదు. అయినా మాకు పెద్ద ఖర్చు పడింది అప్పుడే.

అపోహ: పల్లెలకు తీగ వేయడానికి ఎవరూ డబ్బు ఇవ్వడం లేదు.

వాస్తవం: టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం పల్లెలకు టెలికాం సేవలు అందించే ప్రభుత్వ నిధి, డిజిటల్ భారత్ నిధికి వెళుతుంది. పంచాయతీలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకం నడిచేది ఆ నిధితోనే. ఆ సొమ్ము మన రీఛార్జులలోదే కాబట్టి, యూట్యూబ్ వాటా కన్నా ముందు ఆ లెక్క అడగండి.