సాఫ్ట్‌వేర్‌లో టాక్స్ ఫైల్ చేశాక రీఫండ్ ఎవరి చేతుల మీదుగా వస్తుంది: అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి వచ్చిందంటే నా ఫోన్‌లో ఒకటే ప్రశ్న, "అక్కా, యాక్సెప్టెడ్ అని మెయిల్ వచ్చి పది రోజులైంది, టర్బోటాక్స్ వాళ్లు డబ్బులు ఎప్పుడు వేస్తారు?" అని. నేను డాలస్ దగ్గర టాక్స్ ప్రిపేరర్‌గా పని చేస్తున్నా, దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే, ఎంఎస్ చదివేవాళ్లు, చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఓపీటీ అనే పని అనుమతితో ఉద్యోగం చేసేవాళ్లు, హెచ్1బీ వాళ్లు, ఇండియాకి తిరిగెళ్లిపోయి అక్కడ్నుంచి ఫోన్ చేసేవాళ్లు కూడా. వాళ్లకి విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నా, ఎందుకంటే అద్దె కట్టడానికో ఊళ్లో అమ్మానాన్నలకి పంపడానికో ఆ డబ్బు మీద లెక్కలేసుకుని కూర్చున్నవాళ్లు టెన్షన్ పడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: రీఫండ్ పంపేది సాఫ్ట్‌వేర్ కంపెనీ

కాదండీ. టర్బోటాక్స్ అయినా, హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అయినా, ఫ్రీటాక్స్‌యూఎస్ఏ అయినా వాళ్ల పని మీ రిటర్న్ తయారు చేసి అమెరికా టాక్స్ శాఖ అయిన ఐఆర్ఎస్‌కి ఎలక్ట్రానిక్‌గా పంపడం వరకే. ఐఆర్ఎస్ దాన్ని ప్రాసెస్ చేసి రీఫండ్ ఓకే అంటే ట్రెజరీ డిపార్ట్‌మెంట్‌లో ఉండే బ్యూరో ఆఫ్ ద ఫిస్కల్ సర్వీస్ ఏసీహెచ్ అనే బ్యాంకుల ఎలక్ట్రానిక్ పద్ధతి ద్వారా డబ్బు వేస్తుంది, అందుకే బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో "ఐఆర్ఎస్ ట్రెజ్ 310" అని, పక్కన "టాక్స్ రెఫ్" అని కనపడుతుంది. సాఫ్ట్‌వేర్ హెల్ప్‌లైన్‌కి గంటసేపు ఫోన్ చేసి అరిచినా వాళ్ల స్క్రీన్ మీద ఐఆర్ఎస్ లోపల ఏం జరుగుతోందో కనపడదు. అసలు ఆ డబ్బు మీదే, ఏడాది పొడుగునా మీ జీతంలోంచి కట్ చేసి ఎంప్లాయర్ ఇచ్చే డబ్ల్యూ-2 ఫారంలో బాక్స్ 2లో చూపించారే, అందులో ఎక్కువ పట్టుకున్నది వెనక్కి ఇస్తున్నారు, అంతే.

అపోహ: యాక్సెప్టెడ్ అని వచ్చిందంటే రీఫండ్ ఓకే అయినట్టే

యాక్సెప్టెడ్ అంటే మీ పేరు, సోషల్ నంబర్, పుట్టిన తేదీ, పోయినేడాది ఏజీఐ (సర్దుబాట్ల తర్వాత మిగిలే ఆదాయం) లాంటివి రికార్డుతో సరిపోయాయి, రిటర్న్ లోపలికి తీసుకున్నాం అని మాత్రమే. ఇది మామూలుగా ఒకట్రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు పరిశీలన ఆ తర్వాతే మొదలవుతుంది. ఐఆర్ఎస్ సైట్‌లో వేర్ ఈజ్ మై రీఫండ్ అనే పేజీ ఉంది, సోషల్ నంబర్, ఫైలింగ్ స్టేటస్, రీఫండ్ ఎంతో డాలర్లలో కరెక్ట్‌గా కొడితే మూడు మెట్లు చూపిస్తుంది, రిటర్న్ అందింది, రీఫండ్ అప్రూవ్ అయింది, రీఫండ్ పంపాం. అది రోజుకి ఒక్కసారే అప్‌డేట్ అవుతుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట, కాబట్టి గంటకోసారి చూసుకుని నిద్ర పాడుచేసుకోకండి. ఈ-ఫైల్ చేసి డైరెక్ట్ డిపాజిట్ పెట్టినవాళ్లలో ఎక్కువమందికి 21 రోజుల్లోపే వస్తుంది కానీ అది గ్యారంటీ కాదు. తక్కువ సంపాదన ఉన్నవాళ్లకిచ్చే ఈఐటీసీ గానీ, పిల్లలున్నవాళ్లకిచ్చే అడిషనల్ చైల్డ్ టాక్స్ క్రెడిట్ గానీ తీసుకున్నవాళ్లకి 2015లో వచ్చిన పాత్ యాక్ట్ అనే చట్టం ప్రకారం ఫిబ్రవరి మధ్య దాకా రీఫండ్ విడుదల చేయకూడదు, జనవరిలోనే ఫైల్ చేసినా సరే, మొత్తం రీఫండ్ ఆగుతుంది.

ఇంకొంచెం లోతుగా చూడాలంటే ఐఆర్ఎస్ ఆన్‌లైన్ అకౌంట్‌లో అకౌంట్ ట్రాన్స్‌క్రిప్ట్ తెరవండి. అందులో 846 అనే కోడ్ కనపడితే రీఫండ్ బయల్దేరింది, పక్కనే తేదీ ఉంటుంది. 570 కనపడితే ఎక్కడో ఆపారు. 971 అంటే నోటీసు పంపారు లేదా పంపుతున్నారు, ఇంటికొచ్చే పోస్ట్ చూసుకోండి అని. 570 చూసి భయపడిపోయి మళ్లీ ఇంకో రిటర్న్ ఫైల్ చేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు, అలా చేస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

అపోహ: తక్కువ పడిందంటే ఐఆర్ఎస్ కోసేసినట్టే

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా కంగారుపడేది ఇక్కడే. ఆ మధ్య ఒక జంట వచ్చారు, రిటర్న్‌లో 2,314 డాలర్లు రావాలని ఉంది, అకౌంట్‌లో 2,115 పడ్డాయి, పైగా స్టేట్‌మెంట్‌లో ఐఆర్ఎస్ పేరు లేదు, ఎస్‌బీటీపీజీ అని ఏదో ఉంది, మోసం జరిగిందేమో అని ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. మోసం ఏమీ కాదు. సాఫ్ట్‌వేర్‌లో చివర్లో ఫీజు కట్టే స్క్రీన్ వస్తుంది కదా, అక్కడ కార్డుతో కడతారా, రీఫండ్‌లోంచి తీసుకోమంటారా అని అడుగుతుంది, జేబులోంచి ఇప్పుడు పెట్టక్కర్లేదు కదా అని రెండోది నొక్కేశారు.

అది నొక్కితే డబ్బు వచ్చే దారే మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఒక బ్యాంకులో మీ పేరు మీద తాత్కాలికంగా ఒక అకౌంట్ తెరుస్తారు, ఐఆర్ఎస్ రీఫండ్‌ని మీకు కాదు ఆ అకౌంట్‌కి పంపుతుంది, అక్కడ సాఫ్ట్‌వేర్ ఫీజు, దాంతోపాటు ఈ సర్వీసుకి విడిగా ఇంకో 40 డాలర్ల దాకా పట్టుకుని మిగిలింది మీ అకౌంట్‌కి తోస్తారు. ఎస్‌బీటీపీజీ అంటే శాంటా బార్బరా టాక్స్ ప్రొడక్ట్స్ గ్రూప్, ఈ పని చేసే పెద్ద సంస్థల్లో ఒకటి, గ్రీన్ డాట్ అనే కంపెనీది. ఆ జంట విషయంలో ఫెడరల్, స్టేట్ కలిపి సాఫ్ట్‌వేర్ ఫీజు 159, ఈ సర్వీసుకి 40, మొత్తం 199, లెక్క అణాపైసలతో సరిపోయింది. కార్డుతో కట్టి ఉంటే ఆ 40 మిగిలేవి, డబ్బు కూడా నేరుగా వచ్చేది.

మీరు ఏ దారిలో ఉన్నారో తెలుసుకోవడం చాలా తేలిక. మీ రిటర్న్ పీడీఎఫ్ తెరిచి ఫారం 1040లో 35బి, 35డి లైన్లు చూడండి, అక్కడ బ్యాంకుని గుర్తించే రౌటింగ్ నంబర్, అకౌంట్ నంబర్ ఉంటాయి. అవి మీవి కాకపోతే, మీరు టైప్ చేసినప్పుడు తప్పు కొట్టలేదని గ్యారంటీ అయితే, మధ్యలో ఈ బ్యాంకు ఉన్నట్టు. నా దగ్గరికి రీఫండ్ పడలేదని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఆ పీడీఎఫే. ఐఆర్ఎస్ సైట్‌లో "పంపాం" అని ఉండి మీ అకౌంట్‌లో లేకపోతే ఒకట్రెండు రోజులు ఆ మధ్య బ్యాంకు దగ్గర ఉండొచ్చు, అప్పుడు ఐఆర్ఎస్‌కి కాదు ఆ సంస్థ సైట్‌లో చూసుకోవాలి. ఒకవేళ ఏ కారణం చేతనైనా రీఫండ్ రాకపోయినా సాఫ్ట్‌వేర్ ఫీజు బాకీ మీ మీదే ఉంటుంది, అది మర్చిపోకండి.

నిజంగానే గవర్నమెంట్ వైపు నుంచి తగ్గే సందర్భాలూ ఉన్నాయి. లెక్కలో తప్పుంటే ఐఆర్ఎస్ సరిచేసి సీపీ12 లాంటి నోటీసు పంపుతుంది. ఫెడరల్ స్టూడెంట్ లోన్, చైల్డ్ సపోర్ట్, స్టేట్ టాక్స్ బాకీలు ఉంటే ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ కింద పట్టుకోవచ్చు. రెండింట్లోనూ మీకు లెటర్ వస్తుంది.

అపోహ: అకౌంట్ నంబర్ తప్పయితే ఐఆర్ఎస్ పేరు చూసి ఆపేస్తుంది

ఆపుతుందని నమ్ముకోవద్దు. నంబర్ తప్పయి అలాంటి అకౌంటే లేకపోతే, లేదా క్లోజ్ అయిపోయి ఉంటే, బ్యాంకు వెనక్కి పంపేస్తుంది, అది కొంత నయం. కానీ ఒక్క అంకె తేడాతో అది వేరేవాళ్ల నడుస్తున్న అకౌంట్ అయి, బ్యాంకు తీసేసుకుంటే, ఫారం 3911తో ట్రేస్ పెట్టించొచ్చు, అంటే డబ్బు ఎక్కడికెళ్లిందో వెతికించొచ్చు గానీ వాళ్లు తిరిగివ్వకపోతే బలవంతంగా ఇప్పించే అధికారం ఐఆర్ఎస్‌కి లేదు, మీరూ ఆ బ్యాంకూ తేల్చుకోవాలి. అందుకని పంపు బటన్ నొక్కేముందు చెక్కు బుక్కో బ్యాంక్ యాపో పక్కన పెట్టుకుని అంకె అంకె చూసుకోండి. సాఫ్ట్‌వేర్ పోయినేడాది అకౌంట్‌ని తనంతట తనే నింపేస్తుంది, మీరేమో మధ్యలో బ్యాంకు మార్చేసి ఉంటారు, ఈ తప్పు నేను ప్రతి సీజన్లో చూస్తా. ఈ-ఫైల్ అయిపోయాక సాఫ్ట్‌వేర్‌లో నంబర్ మార్చినా ఐఆర్ఎస్‌కి చేరదు.

ఇదివరకు డిపాజిట్ వెనక్కొస్తే పేపర్ చెక్కు ఇంటికి వచ్చేసేది. 2025 సెప్టెంబర్ 30 నుంచి ఐఆర్ఎస్ రీఫండ్ చెక్కుల్ని దశలవారీగా ఆపడం మొదలుపెట్టింది, ఇప్పుడైతే బ్యాంకు వివరాలు ఇవ్వమని సీపీ53ఈ అనే నోటీసు వస్తుంది, 30 రోజుల్లో ఆన్‌లైన్ అకౌంట్‌లో సరిచేసుకోవాలి.

ఇండియాకి వెళ్లిపోయేవాళ్లకి నేను మరీమరీ చెప్పేది ఒకటుంది, రీఫండ్ చేతికొచ్చేదాకా ఇక్కడి బ్యాంక్ అకౌంట్ క్లోజ్ చేయొద్దు. డైరెక్ట్ డిపాజిట్ అమెరికా బ్యాంకులకే వెళ్తుంది, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఎన్ఆర్ఈ అకౌంట్‌కి వేయరు. ట్రెజరీ చెక్కు వచ్చిందే అనుకున్నా అది ఏడాదే చెల్లుతుంది, అక్కడ దాన్ని మార్చుకోవడానికి బ్యాంకుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లు నాకు తెలుసు.

రూమ్మేట్ల సంగతి కూడా. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నలుగురు ఒకే ఫ్రెండ్ అకౌంట్ ఇచ్చేస్తుంటారు. రీఫండ్ మీ పేరు మీదున్న అకౌంట్‌కో, భార్యాభర్తలైతే ఇద్దరిలో ఒకరిదో జాయింటో దానికే వెళ్లాలి, పైగా ఒక అకౌంట్‌కి మూడు రీఫండ్లకి మించి ఎలక్ట్రానిక్‌గా వేయరు. ఒక అకౌంట్ తెరుచుకోవడానికి అరగంట పడుతుంది, తెరుచుకోండి.

అపోహ: ఎక్కువ రీఫండ్ చూపించే సాఫ్ట్‌వేరే మంచిది

చట్టం ఒకటే, ఒకే వివరాలు కరెక్ట్‌గా ఇస్తే అన్నిట్లోనూ ఒకటే రావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో మీ జవాబు వేరుగా పడింది. ఎఫ్1 స్టూడెంట్లకి ఇది చాలా ముఖ్యం. మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మీరు టాక్స్ లెక్కలో నాన్ రెసిడెంటే, 1040-ఎన్ఆర్ వేయాలి, టర్బోటాక్స్ సొంతంగా ఆ ఫారం చేయదు, స్ప్రింటాక్స్ లాంటివి చేస్తాయి. సీనియర్ ఎవరో చెప్పారని మామూలు 1040 వేసేస్తే చదువు క్రెడిట్ కలిపి వెయ్యి డాలర్లు ఎక్కువ చూపిస్తుంది, ఆనందంగానే ఉంటుంది, కానీ అది మీకు రాకూడని డబ్బు, తర్వాత 1040-ఎక్స్‌తో సరిచేసి వెనక్కి కట్టాలి. ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్లకి ఇండియా-అమెరికా టాక్స్ ఒప్పందంలో ఆర్టికల్ 21 ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ ఎలాగూ ఉంది, ఇది చాలా దేశాలవాళ్లకి లేదు, దాన్ని సరిగ్గా తీసుకోండి చాలు.

ఓపీటీలో జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం కోసేశారని గమనించారా? నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం అది కట్టక్కర్లేదు, కానీ ఆ డబ్బు ఈ రీఫండ్‌లో కలిసి రాదు. ముందు ఎంప్లాయర్‌ని అడగాలి, వాళ్లు ఇవ్వకపోతే ఫారం 843, దాంతో 8316 విడిగా పోస్ట్‌లో పంపాలి, నెలలు పడుతుంది.

అపోహ: భార్యకి ఐటిన్ లేకపోయినా జాయింట్‌గా ఈ-ఫైల్ చేస్తే మూడు వారాల్లో వచ్చేస్తుంది

హెచ్4 మీద, అంటే హెచ్1బీ వాళ్ల కుటుంబ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా సోషల్ నంబర్ ఉండదు కాబట్టి దాని బదులు ఐఆర్ఎస్ ఇచ్చే ఐటిన్ అనే నంబర్ కోసం మొదటిసారి డబ్ల్యూ-7 అప్లికేషన్ రిటర్న్‌తో జత చేసి టెక్సాస్‌లోని ఆస్టిన్ ఆఫీసుకి పేపర్ మీద పంపాలి, సాఫ్ట్‌వేర్ ప్రింట్ తీసిస్తుంది గానీ ఈ-ఫైల్ అవ్వదు. ముందు నంబర్ ఇస్తారు, తర్వాతే రిటర్న్ ప్రాసెస్ అవుతుంది. నెలలు అనుకునే డబ్బు ప్లాన్ చేసుకోండి. డెడ్‌లైన్ లోపు ఫైల్ చేసి, ఏప్రిల్ 15 తర్వాత 45 రోజులు దాటినా రీఫండ్ ఇవ్వకపోతే ఐఆర్ఎస్ వడ్డీ కలిపి ఇస్తుంది, ఆ వడ్డీని వచ్చే ఏడాది ఇన్‌కమ్‌లో చూపించాలి.

అపోహ: రీఫండ్ అడ్వాన్స్ అంటే రీఫండే ముందుగా ఇవ్వడం

అది లోన్. బ్యాంకు ఇస్తుంది, మీ రీఫండ్ రాగానే పట్టుకుంటుంది. కొన్నిటికి వడ్డీ ఉండదు, సంతకం ముందు చదవండి.

అపోహ: ఫెడరల్ వచ్చింది కాబట్టి స్టేట్ కూడా అందులోనే ఉంది

లేదు, స్టేట్ రీఫండ్‌ని ఆ స్టేట్ రెవెన్యూ డిపార్ట్‌మెంటే విడిగా, తన టైంలో పంపుతుంది. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లో జీతం మీద స్టేట్ టాక్సే లేదు. ఏడాది మధ్యలో న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కి మారినవాళ్లు మాత్రం న్యూజెర్సీ రిటర్న్ మర్చిపోకండి.

అపోహ: రెండు నెలలైనా రాలేదంటే ఆడిట్‌లో ఉన్నట్టే

ఎక్కువసార్లు నేను చూసింది ఒక ఉత్తరం. మీ పేరుతో వేరేవాళ్లు ఫైల్ చేశారేమోనని ఐఆర్ఎస్‌కి అనుమానం వస్తే 5071సీ అనే లెటర్ పోస్ట్‌లో పంపి మీరే అని నిరూపించుకోమంటుంది, మీరు జవాబిచ్చేదాకా రీఫండ్ కదలదు. వాట్సాప్‌లో, ఎస్ఎంఎస్‌లో "మీ రీఫండ్ కోసం ఈ లింక్ నొక్కండి" అని వచ్చేవి ఐఆర్ఎస్‌వి కావు, తెరవకండి. కానీ పోస్ట్‌లో వచ్చేదాన్ని మాత్రం పక్కన పడేయకండి. మనవాళ్లు ప్రాజెక్ట్ మారగానే అపార్ట్‌మెంట్ మారుస్తారు, లెటర్ పాత ఇంటికి వెళ్లిపోతుంది. పోయిన సీజన్లో ఒకబ్బాయి మార్చి నుంచి జూలై దాకా ఎదురుచూశాడు, చివరికి పాత రూమ్మేట్ దగ్గర విప్పని కవర్ దొరికింది, అందులో నంబర్ పట్టుకుని ఆన్‌లైన్‌లో పావుగంటలో వెరిఫై చేశాం. తొమ్మిది వారాల దాకా పట్టొచ్చని చెప్పారు, ఆగస్టు చివర్లో "ఐఆర్ఎస్ ట్రెజ్ 310" అని స్క్రీన్‌షాట్ పంపాడు. అందుకే ఐఆర్ఎస్‌కి అడ్రస్ మార్పు చెప్పే ఫారం 8822 ఇల్లు మారిన వారమే నింపి పంపండి.