నేలపట్టు చెరువు: పులికాట్ చేప వరి చేలోకి ఎలా చేరుతుంది?

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చిన్న ఊరు. ఆ ఊరి చెరువులో నీళ్ల మధ్య నిలబడ్డ చెట్ల మీద ఏటా గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. 1976 నుంచి ఇది పక్షుల రక్షిత కేంద్రం. చెరువూ దాన్ని ఆనుకున్న చిట్టడవీ కలిపి సుమారు 459 హెక్టార్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారేదాకా నెల్లూరు కింద ఉండేది.

మన రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలమంటే జూన్, జులై. ఈ తీరానికి మాత్రం అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. చెరువు నిండేదీ అప్పుడే, గూడబాతులు దిగేదీ అప్పుడే. గూడు కట్టాక గుడ్లు పొదగడానికి నెల పడుతుంది. పిల్ల రెక్కలు ముదిరి ఎగరడానికి ఇంకో మూడు నెలల దాకా కావాలి. ఆ అన్ని రోజులూ చెట్టు కింద నీళ్లు నిలిచి ఉండాలి. నీళ్లుంటే నక్కలు, అడవిపిల్లులు చెట్టు దగ్గరికి తేలిగ్గా రాలేవు. వాన తప్పిన ఏడు చెరువు నిండకపోతే పక్షులు గూడు కట్టడమే మానుకుంటాయి, లేదా మధ్యలో వదిలేసి వెళ్లిపోతాయి.

అయితే నెలల తరబడి నీట మునిగి బతికే చెట్టు ఏది? మామూలు చెట్టయితే వేళ్లకు ఊపిరాడక చచ్చిపోతుంది, ఎందుకంటే గాలిలో కన్నా నీళ్లలో ఆక్సిజన్ దాదాపు 10 వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నేలపట్టు చెరువులో ఉన్నవి కడప చెట్లు. శాస్త్రవేత్తలు బారింగ్టోనియా అంటారు. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సులో ఏటా నెలల పాటు నీళ్లలో ఉండే అడవిలో కూడా ఎక్కువగా కనిపించేది ఇదే జాతి. పెద్ద చెట్టు మునకను తట్టుకుంటుంది. కానీ నిండా మునిగిన మొలక అన్నాళ్లు నిలవడం కష్టం. కాబట్టి ఎండాకాలంలో చెరువు అడుగు కొంతైనా బయటపడటం మంచిదే. ఏడాదంతా నీళ్లు నింపి ఉంచితే పక్షులకు మేలు చేసినట్టే అనిపిస్తుంది గానీ, ముందు ముందు గూళ్లకు చెట్లే మిగలకపోవచ్చు.

ఇక రెట్టల సంగతి. వేసవికి ముందు ఆ చెట్ల కింద నిలబడితే వాసన ముక్కు పగలగొడుతుంది. ఆ వాసనలోనే రైతు లాభం ఉంది. పక్షులు ఒంట్లోని నత్రజనిని మనలా యూరియాగా కాకుండా యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి. రెట్టలో తెల్లగా కనిపించేది అదే. నీళ్లలో పడ్డాక బాక్టీరియా దాన్ని విడగొట్టి అమ్మోనియా రూపంలోకి మారుస్తాయి. నీళ్లు నిలిచిన మడిలో వరికి బాగా ఒంటబట్టే నత్రజని కూడా ఆ రూపంలోదే. చేపల ముళ్లలోని భాస్వరం దానికి తోడు. ఆ చెరువు నీళ్లు పారిన చేలకు బలం ఎక్కువని ఊరివాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. తెలిసే పక్షుల జోలికి వెళ్లరు. రక్షిత కేంద్రమని బోర్డు పెట్టడం కన్నా ఇదే గట్టి కాపలా అని నా నమ్మకం.

ఆ నత్రజని ఎక్కడిది? అసలు విషయం ఇక్కడుంది. గూడబాతులు తమకు కావలసిన మేతంతా ఈ చెరువులోనే వెతుక్కోవు. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్‌కు ఎగిరి వెళ్తాయి. చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది. అక్కడ మింగిన చేపను తెచ్చి గూట్లో కక్కుతాయి, పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి తింటుంది. అంటే పులికాట్‌లో పెరిగిన చేపలోని సారం గూడబాతు కడుపులో ప్రయాణం చేసి, చెట్టు మీద నుంచి చెరువులోకి, తూము గుండా వరి మడిలోకి చేరుతోంది. లారీ లేదు, డీజిల్ లేదు, సబ్సిడీ లేదు.

ఇదే చెరువులో గూడు కట్టే నత్తగుల్ల కొంగ దారి వేరు. మూసినా మధ్యలో సందుండే ముక్కు దానిది. దాంతో పొలాల్లో, కుంటల్లో నత్తల్ని పట్టి తింటుంది. మందులు ఎక్కువ కొట్టిన చేలో దానికి మేత దొరకదు.

చెరువు పక్కనున్న చిట్టడవిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఫొటోల్లో కూడా రాదు. పాల చెట్లు, అల్లి పొదలు, ముళ్ల కంపలు. చూడటానికి పనికిరాని తుప్పలా ఉంటుంది. కానీ దాని ఆకులు చాలావరకు మందంగా, ఎండకు రాలకుండా ఏడాదంతా పచ్చగా ఉంటాయి. కోరమండల్ తీరంలో మిగిలిన ఇలాంటి అడవి ముక్కలు కొద్దే. తుపాను వానకు మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఇదే. దీన్ని చదును చేస్తే ఆ మట్టి వచ్చి చెరువు పూడుతుంది, నీళ్ల లోతు తగ్గుతుంది, మార్చికి ముందే చెట్ల మొదళ్లు బయటపడతాయి.

అందుకే 459 హెక్టార్ల చుట్టూ కంచె వేసినంత మాత్రాన పక్షులు మిగలవు. పంటకు తూము తీసే రోజులూ గూళ్లలో పిల్లలున్న రోజులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎంత నీరు వదలాలి, ఎంత ఉంచాలి అన్నది ఆయకట్టు రైతులు, అటవీ శాఖ కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. పులికాట్‌దీ అదే కథ. సముద్రం నీళ్లు లోపలికి వచ్చే ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడిపోతున్నాయి. రాయదొరువు దగ్గర పూడిక తీయాలని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. ముఖద్వారం మూసుకుపోతే సముద్రం చేపలు, రొయ్యలు లోపలికి రావు, సరస్సు ఉత్తర భాగం ఎండలకు త్వరగా ఆరిపోతుంది. అప్పుడు జాలరి వలలో చేప తగ్గినట్టే నేలపట్టు గూట్లో పిల్లకూ తిండి తగ్గుతుంది. జనవరిలో సూళ్లూరుపేట ఫ్లెమింగో పండగకు రాజహంసల్ని (ఫ్లెమింగోలను) చూడటానికి ఎంతోమంది వస్తారు. ఆ వచ్చినవాళ్లు రాయదొరువు దాకా వెళ్లి ఆ ఇసుక మేటను కూడా చూస్తే బాగుంటుంది.