రాగి పోయింది, చిట్టెం మిగిలింది

పాతకాలపు రాగి గనుల కోసం కొండలెక్కే పురావస్తు పరిశోధకులు రాగిని వెతకరు. అది ఎప్పుడో గొడ్డలై, కొడవలై, అరిగాక మళ్లీ కరిగి ఎటో వెళ్లిపోయింది. వాళ్లకు కావలసింది కొలిమి దగ్గర పారేసిన చెత్త, అంటే చిట్టెం.

వెతుకులాట చాలాసార్లు వాగులోనే మొదలవుతుంది. గులకరాళ్ల మధ్య బరువుగా, నల్లగా, మైనం కారి గడ్డకట్టినట్టుండే ముక్క దొరికితే వాగు వెంబడి పైకి నడుస్తారు. ముక్కలు కనబడటం ఆగిపోయిన చోట పక్కనున్న వాలు ఎక్కాలి. తర్వాత అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ పట్టుకుని నేలంతా తిరుగుతారు. చిట్టెంలో ఇనుము ఎక్కువ. పైగా బాగా కాలిన కొలిమి మట్టి చల్లారేటప్పుడు భూమి అయస్కాంత క్షేత్రాన్ని తనలో అచ్చు వేసుకుంటుంది. అందుకే తవ్వకుండానే కొలిమి జాడ తెలిసిపోతుంది.

రాగి ఖనిజంలో ఇనుమెందుకు? ఐరోపాలోని ఆల్ప్స్ కొండల్లో ఎక్కువగా వాడింది చాల్కోపైరైట్ అనే ఖనిజం. అందులో రాగితో పాటు ఇనుము, గంధకం కలిసుంటాయి. ముందు ఖనిజాన్ని కట్టెల మీద కాల్చి గంధకాన్ని కొంత పొగగా పంపేస్తారు. ఆ కంపు ఆ లోయలో ఎంతదూరం కొట్టేదో! తర్వాత బొగ్గుతో కొలిమిలో వేసి తిత్తులు ఊదితే, ఇనుము ఇసుకలోని సిలికాతో కలిసి చిట్టెమవుతుంది. ఒక్కసారితో పని తెమలదు, ఇదంతా మళ్లీ మళ్లీ చేయాలి. పైగా స్వచ్ఛమైన రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

ఆస్ట్రియాలోని మిట్టర్‌బర్గ్‌లో కాంస్యయుగపు జనం ఖనిజపు చారను పట్టుకుని వంద మీటర్లకు పైగా లోతుకు దిగారు. రాతికి ఆనించి మంట పెట్టి, అది పగిలాక పెచ్చులు ఊడగొట్టేవాళ్లు. అక్కడ మిగిలిన బొగ్గు ఇప్పుడు కాలం లెక్కకట్టడానికి ఒక ఆధారం.

వస్తువును చూసి ఊరు చెప్పబోతే బోల్తా పడొచ్చు. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ ఓట్జీ అనే 5 వేల ఏళ్ల నాటి మనిషి దగ్గర రాగి గొడ్డలి ఉంది. అది ఆ చుట్టుపక్కలదే అనుకున్నారు. తీరా 2017లో రాగిలో కొద్దిగా ఉండే సీసపు ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న సీసపు పరమాణువులు, వీటి పాళ్లు గనిని బట్టి మారతాయి) పరీక్షిస్తే, ఆ రాగి దూరాన ఇటలీలో ఉన్న టస్కనీ ఖనిజంతో సరిపోయింది. చిట్టెం అలా ఊళ్లు తిరగదు, వాగు లాక్కెళ్తే తప్ప.

అయితే ఆస్ట్రియాలో టిరోల్‌లోని ఇన్ లోయలో అదీ కొంచెం కదిలింది. అక్కడి కుమ్మరులు చిట్టెం పొడి చేసి కుండల మట్టిలో కలిపారు. ఇప్పుడు పెంకును పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, ఆ నల్లటి నలుసులు కనిపిస్తాయి.