ఇనుప వలయం: వేల్స్ కోటల చుట్టూ సాగుతున్న పాత పేచీ

2017 జులైలో వేల్స్ ప్రభుత్వం ఒక శిల్పం ప్లాన్ బయటపెట్టింది. ఈశాన్య వేల్స్‌లో డీ నది సముద్రంలో కలిసే చోట ఫ్లింట్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడి పాడుబడ్డ కోట దగ్గర ఏడు మీటర్ల ఎత్తున ఓ పెద్ద ఇనుప వలయం నిలబెడతామన్నారు. ఖర్చు 3,95,000 పౌండ్లు. టూరిస్టులు వస్తారు, ఫొటోలు దిగుతారు, ఊళ్లో నాలుగు డబ్బులు తిరుగుతాయి అనుకున్నారు. కానీ చూస్తుండగానే పది వేల మందికి పైగా వద్దంటూ సంతకాలు పెట్టారు. సెప్టెంబరుకల్లా ప్లాన్ అటకెక్కింది.

బయటివాళ్లకు ఇదేం గొడవ అనిపిస్తుంది. పర్యాటకం మీద బతికే ప్రాంతంలో ఒక ఇనుప చట్రానికి ఇంత రభసా? చిక్కంతా దాని ఆకారంలోనూ పేరులోనూ ఉంది. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఉత్తర వేల్స్‌ను లొంగదీసుకోవడానికి కట్టిన కోటల వరసనే ‘ఇనుప వలయం’ అంటారు. తమ మెడకు ఎవరో వేసిన కంటెకు తమ డబ్బుతోనే విగ్రహం కట్టిస్తామంటే అక్కడివాళ్లకు కడుపు మండింది.

వేల్స్ చిన్న దేశం. జనాభా ముప్ఫై లక్షల పైచిలుకు, కోటలు చూస్తే 400కు పైనే. గొర్రెల మందలు, చిన్న పల్లెలు, తడి కొండలు, మధ్యలో ఎక్కడో ఒక బురుజు. సెలవుల్లో వచ్చేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి! అయితే ఆ బురుజు ఎవరు ఎవరి మీద కట్టారన్న ప్రశ్న అక్కడ ఇంకా పచ్చిగానే ఉంది.

1277లో ఎడ్వర్డ్ వేల్స్ మీదికి దండెత్తాడు. ఫ్లింట్ కోట ఆ దండయాత్రలో మొదలైందే. ఐదేళ్లకు మళ్లీ యుద్ధం వచ్చింది. 1282 డిసెంబరు 11న వేల్స్ పాలకుడు లవెలిన్ అప్ గ్రిఫిత్‌ను చంపి, తల నరికి లండన్‌కు పంపారు. మరుసటి ఏడాదే కాన్వి, కార్నార్వన్, హార్లెక్ కోటల పని మొదలైంది. ఆల్ప్స్ కొండల దగ్గరి సవాయ్ ప్రాంతం నుంచి వచ్చిన జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ అనే మేస్త్రి పనంతా నడిపించాడు. ఇంగ్లండ్ జిల్లాల నుంచి మట్టి పనివాళ్లను, వడ్రంగులను, రాతి పనివాళ్లను వందల లెక్కన తోలుకొచ్చారు. కాన్వి ఒక్కదానికే 15,000 పౌండ్ల దాకా అయింది, అదీ ఆ కాలపు పౌండ్లలో. నాలుగేళ్లలో కోట లేచి నిలబడింది. కొత్త కోటలన్నీ నీటి ఒడ్డునే ఉంటాయి. కొండల్లోని దారులు శత్రువు చేతిలో పడినా పడవల్లో తిండీ బాణాలూ అందాలి కదా.

టూరిస్టు బ్రోషర్లలో కాన్వి బురుజుల ఫొటోలు ఎప్పుడూ ఉంటాయి. ఆ కోట కోసం ఏం కదిలించారో మాత్రం తక్కువగా రాస్తారు. అక్కడ ఒక మఠం ఉండేది. వేల్స్ పాలకుల్లో పెద్దవాడైన లవెలిన్ మహారాజు (పైన చెప్పిన లవెలిన్ వేరు, ఇతను వేరు) సమాధి అందులోనే ఉండేది. కోటకు ఆ చోటే కావాల్సి వచ్చి మఠాన్ని కొన్ని మైళ్ల లోపలికి, మైనన్‌కు తరలించారు. యాంగ్లసీ దీవిలో జరిగింది ఇంకా ఘోరం. 1294లో తిరుగుబాటు వచ్చి కార్నార్వన్ కోట కొన్నాళ్లు చేజారింది. దాన్ని అణచేశాక, 1295లో బ్యూమారిస్ కోట మొదలుపెట్టారు. పక్కనే ల్లాన్వైస్ అని కళకళలాడే రేవు ఊరు ఉండేది. ఆ ఊరి జనాన్ని దీవికి అవతలి కొసకు, పన్నెండు మైళ్ల దూరానికి తోలేశారు. వాళ్లు స్థిరపడ్డ చోటు పేరు న్యూబరో, అంటే కొత్త పట్నం. పునరావాస కాలనీలకు అప్పుడూ ఇలాంటి పేర్లే పెట్టేవారన్నమాట. ఇంతా చేసి బ్యూమారిస్ కోట ఎన్నడూ పూర్తి కాలేదు. డబ్బులైపోయాయి. నాలుగు వైపులా అచ్చు గుద్దినట్టు ఉండే ఆ మొండి గోడలనే ఇప్పుడు కోట నిర్మాణ కళకు గొప్ప ఉదాహరణగా చూపిస్తారు.

కొత్త కోటల పక్కన పట్నాలు కూడా కట్టారు. ఇంగ్లండ్ నుంచి జనాన్ని తెచ్చి ఇళ్ల స్థలాలిచ్చి కూర్చోబెట్టారు. చుట్టుపక్కల పల్లెల వేల్ష్ వాళ్లు ఆ గోడల లోపల ఇల్లు కట్టుకోకూడదు, వ్యాపారం చేయకూడదు. కాన్వి, కార్నార్వన్ ఊళ్ల గోడలు నేటికీ నిలిచే ఉన్నాయి, వాటి మీద షికారు నడవొచ్చు. ఆ గోడలు ఎవరిని బయట ఉంచడానికో తెలిసి నడిస్తే ఆ షికారు వేరే రకంగా ఉంటుంది.

1401లో ఒక ముచ్చట జరిగింది. ఇంగ్లండ్ మీద ఒవైన్ గ్లిన్‌డూర్ అనే వేల్స్ నాయకుడి తిరుగుబాటు నడుస్తున్న రోజులు. గుడ్‌ఫ్రైడే నాడు కాన్వి కోట సైనికులు చర్చికి వెళ్లారు. గ్విలిమ్, రైస్ అనే ట్యూడర్ అన్నదమ్ముల మనిషి ఒకడు వడ్రంగి వేషంలో లోపలికి దూరాడు. ఉన్న ఒకరిద్దరు కాపలాదార్లను చంపి తలుపు తీశాడు. పదిహేను వేల పౌండ్ల కోట ఒక్క పూటలో పోయింది. రెండు నెలల పైనే వాళ్ల చేతిలో ఉంది. వాళ్ల సోదరుడి మునిమనవడే 1485లో ఇంగ్లండ్ గద్దె ఎక్కిన ఏడో హెన్రీ. వేల్స్ గైడ్లు ఈ ఘట్టం కాస్త గర్వంగానే చెబుతారు. నేనైనా అలాగే చెప్పేవాణ్ని.

తర్వాత కోటలకు పని లేకుండా పోయింది. 1640ల అంతర్యుద్ధంలో రాజు పక్షం వాళ్లు మళ్లీ వాటిల్లో దూరారు, పార్లమెంటు సైన్యం పట్టుకుంది. మళ్లీ ఎవరూ దాక్కోకుండా కొన్నిటిని కూలగొట్టారు. 1660ల్లో కాన్వి పైకప్పుల సీసాన్ని, ఇనుమును ఊడదీసి అమ్మేశారు. కప్పు పోయాక వానకు ఎదురేముంది? ఈనాడు అందంగా కనిపిస్తున్న శిథిలం అలా తయారైంది.

ఆ శిథిలాన్ని అందంగా చూడటం కూడా ఒకరు నేర్పించాల్సి వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ డబ్బున్నవాళ్లలో కొత్త మోజు పుట్టింది. ఐవీ తీగలు అల్లుకున్న గోడ, వెనకాల కొండ, ముందు నది. దీన్ని బొమ్మ గీయదగ్గ దృశ్యమని ఎగబడి చూశారు. 1790ల్లో కుర్రవాడు టర్నర్ చిత్రకారుడిగా మళ్లీమళ్లీ వేల్స్ వచ్చి ఈ కోటల బొమ్మలు వేశాడు. అదే సమయంలో ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల ఐరోపా యాత్రలకు దారి మూసుకుపోయింది. ఇటలీ వెళ్లాల్సినవాళ్లు వేల్స్‌కు వచ్చారు. వాళ్ల బొమ్మల్లో వేల్ష్ పల్లె జనం ఉంటే గింటే ఒక మూల, గొర్రెలతో పాటు చిన్నగా ఉంటారు.

అదే కాలంలో ఇంకో చూపూ ఉండేది. ఫ్లింట్ ప్రాంతంలోనే పుట్టిన రచయిత థామస్ పెన్నంట్ తన దేశంలో తిరిగి చూసి రాశాడు. కార్నార్వన్ కోటను చూసి ‘మన లొంగుబాటుకు మహా వైభవమైన చిహ్నం’ అన్న అర్థం వచ్చేలా అన్నాడు. మెచ్చుకుంటూనే పళ్లు కొరుక్కోవడం ఇది. 2017లో సంతకాలు పెట్టినవాళ్ల మనసును దాదాపు 240 ఏళ్ల ముందే చెప్పేశాడు.

తర్వాత రైలొచ్చింది. 1848లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ అనే ఇంజినీరు కాన్వి కోట గోడకు ఆనుకునే రైలు వంతెన వేశాడు. కోటకు జోడీగా ఉండాలని వంతెనకు కూడా ఉత్తుత్తి బురుజులు కట్టాడు! ఇంగ్లండ్ ఫ్యాక్టరీ ఊళ్ల నుంచి మామూలు జనం కూడా దిగడం మొదలైంది.

రాజుల కోటల సంగతి అలా ఉంటే, దొరల మేడల సంగతి మరీ దగ్గరి గాయం. బాంగర్ పట్నం దగ్గర పెన్రిన్ కోట ఉంది. చూడ్డానికి 12వ శతాబ్దపు నార్మన్ కోట. నిజానికి 1820లు, 30ల్లో కట్టించిన ప్రభువుల ఇల్లు, యుద్ధం ముఖం చూసిందే లేదు. దాని డబ్బు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి జమైకా చెరకు తోటలు. రిచర్డ్ పెన్నంట్ (పైన చెప్పిన రచయిత వేరు, ఇతను వేరు) ఆ తోటల యజమాని, బానిస వ్యాపారం రద్దు చేయొద్దని పార్లమెంటులో వాదించినవాడు. 1830ల్లో బానిసత్వం రద్దయినప్పుడు 764 మంది బానిసలకు గాను ఆ కుటుంబానికి 14,683 పౌండ్ల పరిహారం ముట్టింది. బానిసలకు పైసా లేదు. రెండోది బెథెస్డా దగ్గరి పలకరాతి క్వారీ. ప్రపంచంలో ఎన్నో ఊళ్ల పైకప్పులు ఆ రాతితోనే కప్పారు. 1859లో విక్టోరియా రాణి వస్తుందని టన్ను బరువున్న పలకరాతి మంచం ఒకటి ఉంచారు. ఆమె దాని మీద పడుకోనందట. నేటికీ చూపిస్తారు.

1900 నవంబరులో క్వారీలో సుమారు 2,800 మంది పని వదిలి బయటికొచ్చారు. యూనియన్‌ను గుర్తించనని క్వారీ యజమాని లార్డ్ పెన్రిన్ భీష్మించాడు. మూడేళ్లు నడిచింది. కొందరు పస్తులకు ఓర్వలేక తిరిగి పనిలోకి వెళ్లారు. వెళ్లనివాళ్లు కిటికీల్లో కాగితాలు అంటించారు: ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు’. ఎన్నో కుటుంబాలు దక్షిణాది బొగ్గు గనులకు వలస పోయాయి. 1903లో కార్మికులు ఓడిపోయారు. సమ్మె ముగిసింది గానీ ఊళ్లో చీలిక తరాల తరబడి పోలేదు. 1951లో పెన్రిన్ కోట, పాత మేడలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికి వచ్చి, టికెట్ కొన్న ఎవరికైనా తలుపు తెరిచింది. అయినా తాతలు ఆ సమ్మెలో ఉన్న ఇళ్లవాళ్లు చాలా ఏళ్లు ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ మేడలు జనానికి తెరుచుకున్నది ఉదారబుద్ధి వల్ల కాదు, పన్నుల వల్ల. 1894లో బ్రిటన్‌లో వారసత్వ ఆస్తుల మీద డెత్ డ్యూటీ వచ్చింది, రెండు ప్రపంచ యుద్ధాలతో రేటు పెరిగిపోయింది. అమెరికా నుంచి చవక గోధుమలు దిగుమతవడంతో భూముల కౌలు రాబడి అప్పటికే పడిపోయింది. మేడలు కూలగొట్టి రాయి అమ్ముకున్నవాళ్లున్నారు, సామాను వేలం వేసినవాళ్లున్నారు. 1921లో గ్విడిర్ కోట భోజనాల గది చెక్కపనిని గోడల నుంచి ఊడదీసి అమ్మేస్తే అమెరికా పత్రికాధిపతి హర్స్ట్ కొన్నాడు. ఆ పెట్టెలు న్యూయార్క్‌లో ఒక మ్యూజియం గోదాములో దశాబ్దాల పాటు అలాగే పడి ఉన్నాయి. 1990ల్లో కోట కొత్త యజమానులు వాటిని వెతికి పట్టుకుని వెనక్కి తెచ్చి పాత గోడలకే బిగించారు.

1937 చట్టం తర్వాత ట్రస్టుకు ఇల్లు రాసిచ్చి, అదే ఇంట్లో ఒక వైపు కాపురం ఉండే వీలు దొరికింది. 1973లో ట్రస్టు తీసుకున్న ఎర్దిగ్ మేడ వాటిలో నాకు ఎక్కువ నచ్చుతుంది. కింద బొగ్గు తవ్వకాలతో ఇల్లు ఐదడుగుల దాకా కుంగింది. అక్కడి యజమానులు తరతరాలుగా తమ పనివాళ్ల బొమ్మలు గీయించి, వాళ్ల మీద పద్యాలు రాసి గోడలకు తగిలించారు. చూడొచ్చినవాళ్లు కూడా పనివాళ్లు మసలే భాగం గుండానే లోపలికి వెళతారు.

పోవిస్ కోట లోపల మనవైపు సామాను కనిపిస్తుంది. దాన్ని కట్టింది ఎడ్వర్డ్ పక్షాన నిలిచిన ఒక వేల్ష్ పాలకుడు. 18వ శతాబ్దంలో ఆ ఇంటి ఆడపిల్ల హెన్రియెట్టాను రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ పెళ్లాడాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు అతనే మద్రాసు గవర్నరు. టిప్పు సుల్తాన్ గుడారం, సింహాసనం మీది బంగారు పులి తల ఇప్పుడు ఆ వేల్స్ కొండ మీద అద్దాల వెనక ఉన్నాయి. 2020లో నేషనల్ ట్రస్టు తన ఆధీనంలోని 93 చోట్లకు వలస పాలనతోనో బానిసత్వంతోనో సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది. పోవిస్, పెన్రిన్ రెండూ అందులో ఉన్నాయి. దాని మీద బ్రిటన్ పత్రికల్లో పెద్ద దుమారమే రేగింది.

రాజుల కోటలను చూసుకునే సంస్థ వేరు. 1984లో ఏర్పడిన దాని పేరు కాడూ. వేల్ష్‌లో ఆ మాటకు కాచి ఉంచడం అని అర్థం; మన చెవికి ‘కాపాడు’లో సగం మాటలా వినిపిస్తుంది. ఎడ్వర్డ్ కోటలు నాలుగింటికి 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అధికారిక పేరులో ఎడ్వర్డ్ రాజు పేరుతో సహా. వేల్స్ పాలకులు తామే కట్టుకున్న డోల్విదెలన్, కాస్టెల్ ఎ బేర్ లాంటివి చిన్నవి, లోపలి కొండల్లో ఉంటాయి. బస్సులు ఆగేది కార్నార్వన్‌లోనే. 1969లో చార్లెస్‌కు వేల్స్ యువరాజు పట్టం కట్టిందీ అక్కడే. వేదిక వేల్స్ పలకరాతితో చేశారు. ముందు రాత్రి అబర్గెలెలో బాంబు పేలి, దాన్ని మోసుకెళ్తున్న ఇద్దరు నిరసనకారులే చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో కార్నార్వన్‌కు దగ్గర్లోని దినార్విగ్ పలకరాతి క్వారీ మూతపడింది. పలకరాతి క్వారీల ప్రాంతానికి యునెస్కో గుర్తింపు వచ్చేసరికి 2021 అయింది.

కోట పక్కన విగ్రహం పెడితే వేల్స్ వాళ్లు ఊరుకోరని కాదు. దక్షిణాన లాండవరి అనే ఊళ్లో కోట శిథిలం పక్కనే 2001 నుంచి పదహారడుగుల స్టీలు విగ్రహం ఉంది. 1401లో నాలుగో హెన్రీ గ్లిన్‌డూర్‌ను వెతుక్కుంటూ వస్తే లవెలిన్ అప్ గ్రిఫిత్ వికన్ (1282లో చనిపోయిన పాలకుడు వేరు) అనే ముసలి భూస్వామి దారి చూపిస్తానని సైన్యాన్ని కొండల్లో తప్పు దారుల వెంట తిప్పాడు. అతని కొడుకులు అప్పటికే గ్లిన్‌డూర్ దండులో ఉన్నారు. మోసం బయటపడ్డాక రాజు ఎదుటే ఊరి నడిబొడ్డున అతన్ని చంపారు. విగ్రహానికి శిరస్త్రాణం ఉంది, డాలు ఉంది, నిండుగా పరుచుకున్న అంగీ ఉంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ఆ ఖాళీలోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది.