పొందూరు ఏకులు, అరిజోనా చిప్పులు

పొందూరులో సన్ననూలు వడికే ఒక పెద్దావిడను అడిగాను, వాలుగ చేప దవడతో పత్తిని ఎంతసేపు దువ్వాలని. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి లాగుతుంటే నలకలు రాలిపోయి, పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఆవిడ లెక్క చెప్పలేదు. "సెయ్యికే తెలుస్తాది బాబూ, నోటితో ఏటి సెప్తాం" అన్నారు.

అరిజోనా చిప్ ఫ్యాక్టరీ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. అమెరికాలోని ఆ ఎడారి రాష్ట్రంలో ఫ్యాక్టరీ కడతామని తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 2020 మేలో ప్రకటించింది. 2024లో ఉత్పత్తి మొదలవ్వాలి. 2023 జూలైలో దాన్ని 2025కి వాయిదా వేశారు. డబ్బు చాలక కాదు. అలాంటి యంత్రాలను బిగించిన అనుభవం ఉన్న పనివాళ్లు అక్కడ చాలినంత మంది దొరకలేదు, తైవాన్ నుంచి రప్పించాల్సి వచ్చింది. చివరికి 2024 ఆఖర్లోనే 4 నానోమీటర్ల తరం చిప్పుల (ఈ అంకె ఎంత చిన్నదైతే చిప్పు అంత కొత్తతరం) తయారీ మొదలైంది.

యంత్రాలు ఓడలోనో విమానంలోనో వస్తాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్ఎంఎల్ తయారుచేసే యంత్రమే చూడండి. కరిగిన తగరాన్ని సెకనుకు 50 వేల బొట్లుగా జారవిడిచి, ఒక్కో బొట్టునూ లేజర్‌తో కొడుతుంది. అప్పుడు పుట్టే 13.5 నానోమీటర్ల కాంతితో సిలికాన్ పలక మీద గీతలు పడతాయి. గాలి కూడా ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి లోపలంతా శూన్యమే. నాకైతే ఇది మనిషి చేసిన మహాద్భుతాల్లో ఒకటి. చైనాకు దీన్ని అమ్మనివ్వడం లేదు. మిగతా చాలా చోట్ల డబ్బుంటే కొనుక్కోవచ్చు.

మరి కష్టం ఎక్కడుంది? పొర వేయడం, కాంతితో గీత గీయడం, చెక్కడం, కడగడం, మళ్లీ పొర వేయడం. ఇలా ఒక పలక వెయ్యి దాకా అంచెలు దాటాలి. ఒక్కో అంచెలో వెయ్యికి ఒక్కసారి మాత్రమే తప్పు జరుగుతుందనుకుందాం. చాలా గొప్పగా చేసినట్టే అనిపిస్తుంది. కానీ వెయ్యి అంచెలు దాటేసరికి నూటికి 37 చిప్పులే మిగులుతాయి. తప్పును పది వేలకు ఒకటికి తగ్గిస్తే 90 మిగులుతాయి. ఫ్యాక్టరీ లాభమూ నష్టమూ ఈ రెండు అంకెల మధ్యే తేలిపోతాయి. ఏ గదిలో వాయువు కాస్త ఎక్కువైంది, ఏ పంపు ఎప్పుడు అలిసిపోతుంది అనేది యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకే అందుతుంది. అందులో కొంతే కాగితం మీదకు వస్తుంది.

ఇంటెల్ కంపెనీ దీనికో దారి వెతికింది: ఉన్నదున్నట్టు దించేయడం. ఒక ఫ్యాక్టరీలో పని కుదిరిందంటే రెండోదానిలో పైపుల పొడవూ వంపులూ సైతం మార్చరు. ఏ వంపు వల్ల పని కుదిరిందో పూర్తిగా తెలియనప్పుడు దేన్నీ ముట్టుకోకపోవడమే క్షేమం. టీఎస్ఎంసీ మనుషులనే తిప్పింది. అరిజోనాలో చేర్చుకున్న వందల మంది ఇంజనీర్లను తైవాన్ పంపి, ఏడాదికి పైగా అక్కడి వాళ్ల పక్కన నిలబెట్టింది.

ఇదే కంపెనీ జపాన్‌లోని కుమమోటోలో 2022లో పని మొదలుపెట్టి, 2024 ఫిబ్రవరికల్లా ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ చేసేవి పాతతరం చిప్పులు, పని కాస్త తేలిక. ఆ మాట నిజమే. అయితే ఆ క్యూషూ దీవిలో చిప్పుల పరిశ్రమ దశాబ్దాలుగా ఉంది. రసాయనాలు తెచ్చేవాళ్లు, పైపులు బిగించేవాళ్లు, పంపులు బాగుచేసేవాళ్లు చుట్టుపక్కలే ఉన్నారు. అసలు తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

గుజరాత్‌లోని ధోలేరాలో టాటావాళ్లు తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీ సాయంతో 28 నానోమీటర్లు, అంతకన్నా పాత తరాల చిప్పుల ఫ్యాక్టరీ కడుతున్నారు. మన ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో చిప్పులకు పైతొడుగు వేసి పరీక్షించే ప్యాకేజింగ్ యూనిట్ ఒకటి మంజూరైంది, కొరియా సాంకేతికతతో. రాజాం, టెక్కలి కాలేజీల పిల్లలు "మాకు ఉద్యోగాలొస్తాయా సార్" అని అడుగుతుంటారు. వస్తాయి. అయితే ఎంత పెట్టుబడి వస్తోందని కాకుండా, ఎంతమందిని ఏడాది పాటు తైవాన్‌కో కొరియాకో పంపుతున్నారని అడగమని వాళ్లకు చెబుతున్నాను.