"ఏసీ వేసే వెళ్లాం సార్": హోటళ్లు, షాపులు, మన కుక్కలు – అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మా క్లినిక్‌కు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తప్పదు. "హోటల్లోకి మా కుక్కను రానివ్వలేదు సార్. అలా ఆపే హక్కు వాళ్లకు ఉందా?" నెల్లూరులో పశువైద్యం చేసుకునే నన్ను లాయర్‌ని చేసేస్తారు. జవాబు కింద చెబుతాను. ముందు నేను అడిగేది ఒకటుంది. లోపలికి రానివ్వలేదు, సరే. మరి కుక్కను ఎక్కడ వదిలి తిన్నారు?

చాలామంది చెప్పేది ఒకటే: "కార్లోనే."

అపోహ: కిటికీ రెండు వేళ్లు దించి, నీడలో పెట్టి, అరగంటలో తినొచ్చేస్తే ఏమీ కాదు.

వాస్తవం: అవుతుంది. అరగంట కూడా అక్కర్లేదు. బయట 32 డిగ్రీలు ఉన్నప్పుడే మూసిన కారులో పది నిమిషాలకు 43, అరగంటకు 50 దాటుతుంది. మనకు మే నెలలో బయటే 40 దాటడం మామూలు. కిటికీ కాస్త దించితే తేడా ఎంత ఉంటుందో కొలిచి చూశారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. నీడ సంగతి సరేసరి, మీరు పులుసు కలుపుకునేలోపు ఆ నీడ పక్కకు జరిగిపోయి ఉంటుంది.

విజయవాడ నుంచి చెన్నైకో తిరుపతికో వెళ్లేవాళ్లు సరిగ్గా భోజనం వేళకే ఒంగోలు, కావలి, నెల్లూరు దగ్గర హైవే పక్కన ఆగుతారు. చేపల పులుసు భోజనం అరగంటలో తేలే పనా? చెయ్యి కడుక్కుని, కిళ్లీ వేసుకుని, బిల్లు కట్టి వచ్చేసరికి గంట.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల కింద తప్ప దాదాపు పట్టదు. రొప్పడమే దానికున్న దారి. రొప్పితే నాలుక మీది తడి ఆవిరై ఒళ్లు చల్లబడాలి. కారులో గాలే వేడెక్కి, దాని ఊపిరితోనే తేమ నిండిపోతే ఆ తడి ఇంకెలా ఆరుతుంది? పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు జాతులకైతే మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం.

ఒక మే నెల మధ్యాహ్నం ఇలాగే ఒక పగ్‌ను ఎత్తుకొచ్చారు. చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. చొంగ జిగురుగా తీగలా సాగుతోంది. వెనక కాళ్లు నిలవడం లేదు. థర్మామీటర్ 108 చూపించింది, ఉండాల్సింది 101, 102. ఆ ఇంటావిడ "ఏసీ వేసే వెళ్లాం సార్" అని ఏడుస్తూనే ఉంది. నిజమే, వేశారు. కాసేపు చూసి, డీజిల్ దండగని డ్రైవరు ఇంజన్ ఆపి టీకి వెళ్లాడు. అతన్నీ తిట్టలేం, ఎందుకు ఆన్‌లో ఉంచాలో ఎవరూ చెప్పలేదు. పార్కింగ్ దగ్గరి పెద్దాయన "అరస్తా ఉండింది, తర్వాత ఊరకైంది, నిద్రపోయిందేమో అనుకున్నా" అన్నాడట.

సాయంత్రానికి వేడి దిగింది. నీళ్లు తాగింది, తోక కూడా ఊపింది. ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గింది. రెండ్రోజులకు మూత్రం ఆగిపోయింది, రక్త విరేచనాలు మొదలయ్యాయి, దక్కలేదు. వడదెబ్బ కుక్కల్లో ఇలాగే ఉంటుంది. కిడ్నీలు, పేగులు, రక్తం గడ్డకట్టే గుణం లోపల దెబ్బతిని ఆలస్యంగా బయటపడతాయి. అందుకే "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని నన్ను అడగొద్దు, రక్తపరీక్షలు చేయించండి.

అలా జరిగితే వెంటనే కారెక్కించి నా దగ్గరికి పరిగెత్తకండి. ముందు చల్లార్చండి, తర్వాత బయల్దేరండి. హోటల్లో చెయ్యి కడుక్కునే కుళాయి ఉంటుంది, ఆ నీళ్లే చాలు. పొట్ట కింద, తొడల సందుల్లో బాగా పోసి, గాలి తగిలేలా విసరండి. తడి తువ్వాలు కప్పి ఉంచకండి, వేడి లోపలే నిలిచిపోతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ అసలు వద్దు. ఇది జ్వరం కాదు, పైగా ఆ మందు దాని కాలేయానికి ముప్పు. దారిలో కారు ఏసీ పూర్తిగా పెట్టండి. 103కి దిగాక తడపడం ఆపండి.

ఇక మిగతావి గబగబా.

అపోహ: హోటలువాళ్లు కుక్కను ఆపకూడదు, చట్టం ఉంది.

అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాలను చూసి ఇలా అంటారు. అవి ఇళ్ల సంగతి. ఆహార వ్యాపారాలకు 2011 ఆహార భద్రత నియమాల్లోని 4వ షెడ్యూల్ ఉంది. జంతువుల్ని, పక్షుల్ని, పెంపుడు జీవాల్ని లోపలికి రానివ్వకూడదని అందులో ఉంది. కాబట్టి సర్వర్ మీద అరవకండి. బట్టల షాపు అయితే యజమాని ఇష్టం. ఒక మాట అడిగి వెళ్తే పోయేదేముంది? బయట కట్టేసేటట్టయితే అరచేతి వెనకభాగం నేల మీద ఐదారు సెకన్లు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలు కాలినట్టే.

అపోహ: కుక్క వెంట్రుక కడుపులోకి పోతే గడ్డలు కడతాయి.

పక్క టేబుల్‌వాళ్లు లేచిపోయేది ఈ భయంతోనే. వాళ్లను వెక్కిరించకండి, భయానికి మూలం ఉంది. గడ్డలు కట్టించేది వెంట్రుక కాదు, కుక్క మలంలో వచ్చే ఒక బద్దెపురుగు గుడ్లు. జబ్బున్న గొర్రె కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా తింటే కుక్కకు ఆ పురుగు పడుతుంది. గొర్రెలకు పేరుపడ్డ జిల్లా మనది. ఆదివారం మటన్ షాపు ముందు ముక్కలు విసరడం మానేసి, పురుగుల మందు వేళకు వేయించండి.

అపోహ: టీకా వేసిన కుక్క గీరితే ఏమీ చేయక్కర్లేదు.

షాపులో ఎవరి పిల్లనైనా మీ కుక్క గీరితే సర్టిఫికెట్ చూపించి వాదించకండి. సబ్బుతో, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగించి డాక్టరుకు చూపించండి. కారం, సున్నం పూయనివ్వకండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పుడు చేతికే నాలుగైదు విడతలు.

ప్రయాణంలో ఏం చేయాలంటారా? ఇద్దరు తింటుంటే ఇద్దరు కుక్కతో నీడలో నిలబడండి. లేదా పార్సిల్ కట్టించుకుని చెట్టు కింద కూర్చోండి. దానికి వేరే గిన్నెలో పెరుగన్నం పెట్టండి. బిర్యానీ ఎముకలు, ఉల్లిపాయ వేసిన షేర్వా మాత్రం ఎంత బతిమాలినా వద్దు. ఉడికిన ఎముక ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది, ఉల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తుంది.